స్టాంఫర్డ్ ఉత్తర పొలాల్లో ఇళ్లు, పాత ఊరి రాతి గోడలు

సంపాదకులకు,

అయ్యా,

ఇంగ్లండులోని చిన్న పట్టణాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అక్కడి చట్టం పాత ఊళ్లలో ఎవరినీ ఒక్క రాయి కూడా కదల్చనివ్వదని, అందుకే ఆ ఊళ్లు చెక్కుచెదరకుండా నిలిచాయని వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. లింకన్‌షైర్ దక్షిణపు అంచున, వెలండ్ నది ఒడ్డున ఉన్న స్టాంఫర్డ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. వ్యాసకర్త సదుద్దేశంపై నాకు సందేహం లేదు గానీ, ఆయన చెప్పిన కారణం సరికాదని మనవి చేస్తున్నాను.

ఇక్కడ భూమి యజమానికి తన స్థలంలో తోచినట్టు కట్టుకునే హక్కు 1947లో వచ్చిన పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టంతోనే పోయింది. అప్పటి నుంచి కొత్త నిర్మాణానికి స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి. ఆ తర్వాత 1967 నాటి సివిక్ అమెనిటీస్ చట్టం, విడివిడి కట్టడాలనే కాకుండా మొత్తం వీధులను, కూడళ్లను ‘సంరక్షణ ప్రాంతాలు’గా గుర్తించే అధికారాన్ని కౌన్సిళ్లకు ఇచ్చింది. ఆ గుర్తింపు దేశంలోనే మొట్టమొదట పొందినది మా స్టాంఫర్డ్. ఇప్పుడు ఇంగ్లండులో అటువంటి ప్రాంతాలు సుమారు 10,000 ఉన్నాయి. ప్రస్తుతం అమలులో ఉన్న 1990 నాటి చట్టం, అనుమతుల విషయంలో నిర్ణయం తీసుకునేవారు ఆ ప్రాంత స్వభావాన్ని, రూపాన్ని పరిరక్షించడం గానీ మెరుగుపరచడం గానీ వాంఛనీయమన్న విషయంపై ప్రత్యేక దృష్టి పెట్టాలని చెబుతుంది. ‘మెరుగుపరచడం’ అన్న మాటను చట్టమే వాడిందని గమనించాలి. మార్పు వస్తుందని ఒప్పుకుని, ఆ మార్పు ఎలా ఉండాలో పదిమందినీ అడిగి తేల్చే ఏర్పాటు ఇది.

మా ఊరు ఇంత పాతగా ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు అసలు జవాబు చట్టం కన్నా చాలా వెనుక ఉంది, అది అంత ముచ్చటైనదీ కాదు. లండన్ నుంచి ఉత్తరానికి వెళ్లే ప్రధాన రహదారి మీద బండ్ల రాకపోకలతో సంపన్నమైన ఈ ఊరికి ప్రధాన రైలు మార్గం రాలేదు. అది పీటర్‌బరో మీదుగా పోయింది, పరిశ్రమలూ జనాభా అక్కడే పెరిగాయి. దీనికి తోడు, ఊరికి ఉత్తరాన ఉన్న ఉమ్మడి పొలాలు 1870ల దాకా హక్కుదారుల మధ్య విభజన కాక, అక్కడ ఇళ్లు కట్టే వీలు లేకపోయింది. ఎన్నికల్లో తమ పట్టు సడలకుండా ఉండేందుకు, ఊరి పక్కనే ఉన్న పెద్ద జమీ అయిన బర్లీ ఎస్టేట్ ప్రభువులు ఆ విభజనను అడ్డుకున్నారని చరిత్రకారులు చెబుతారు. ఊరు బయటికి పెరగలేక, పేదలు పెద్ద ఇళ్ల వెనుక పెరళ్లలో, ఇరుకు సందుల్లో కిక్కిరిసి బతికారు. ఈనాడు పర్యాటకులు మెచ్చుకునే రాతి వీధుల అందం వెనుక ఆ ఇరుకు కూడా ఉంది. 600కు పైగా ఉన్న మా లిస్టెడ్ కట్టడాల (చారిత్రక విలువ కలవిగా ప్రభుత్వ జాబితాకెక్కిన కట్టడాల) గురించి రాసేవారు ఈ సంగతి మరువకూడదని నా కోరిక.

ఆ ఉత్తరపు దిక్కునే ఇప్పుడు వెయ్యికి పైగా కొత్త ఇళ్లకు ప్రణాళిక సాగుతోంది, దాని మీదే ఊళ్లో తీవ్రమైన వాదం నడుస్తోంది. కొత్త ఇళ్లు వస్తే ఊరి స్వరూపం పోతుందని నా ఇరుగుపొరుగువారిలో చాలామంది అంటున్నారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. బడుల్లో సీట్లు, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు, నదిపై వంతెన దగ్గర ఉదయం పూట నిలిచిపోయే వాహనాలు నేనూ రోజూ చూస్తున్నవే. అయినా వారసత్వం పేరు చెప్పి ఇళ్లు వద్దనడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగి, ఇక్కడి దుకాణాల్లో, బడుల్లో పనిచేసే యువతీయువకులు అద్దె భరించలేక దూరంగా వెళ్లిపోతుంటే, పాత గోడలు మాత్రమే మిగలడాన్ని సంరక్షణ అనలేను. ఆ పొలాల్లో ఇళ్లు కట్టాలి. అయితే పల్లపు మైదానం నుంచి చూసినప్పుడు చర్చి శిఖరాలు కనిపించే దృశ్యం మూసుకుపోకుండా వాటి ఎత్తు, వరుస ఉండాలి. రోడ్డు, మురుగు కాలువ, బడి ఇళ్లతో పాటే రావాలి. కౌన్సిల్ ముందు గట్టిగా పట్టుబట్టవలసింది వీటి కోసం.

పాత ఊరికి నిజమైన ముప్పు నా దృష్టిలో మరమ్మతుల దగ్గర ఉంది. నా అనుభవమే చెబుతాను. మా ఇంటి సున్నపురాతి గోడలో రాళ్ల మధ్య సందుల్లోని సున్నం రాలిపోతుంటే, ఇల్లు కొన్న కొత్తలో తెలియక, ఒక మేస్త్రీ మాట విని సిమెంటుతో పూడ్పించాను. రెండు చలికాలాలు గడిచేసరికి లోపలి గోడ చెమ్మ పట్టింది, బయట రాయి పొరలు పొరలుగా ఊడసాగింది. పాత రాతి గోడ తాను పీల్చిన తడిని సున్నపు సందుల గుండా బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి రాతిలోనే నిలిచి, మంచుకు గడ్డకట్టి రాయిని పగలగొడుతుంది. ఆ సిమెంటంతా ఉలితో తీయించి సున్నంతో మళ్లీ నింపించడానికి మొదటి పనికి అయినదానికి నాలుగింతలు ఖర్చయింది.

ఆ బిల్లు మీద 20 శాతం వ్యాట్ కూడా కట్టాను. అదే ఖాళీ పొలంలో కొత్త ఇల్లు కట్టేవారికి వ్యాట్ సున్నా. లిస్టెడ్ కట్టడాల్లో అనుమతి పొంది చేసే మార్పులకు ఒకప్పుడు ఉన్న మినహాయింపును కూడా 2012లో తీసేశారు. పాత కట్టడాన్ని కాపాడమని ఒక చేత్తో చట్టం రాసి, కాపాడినవారి మీద మరో చేత్తో పన్ను వేయడం ఎంతమాత్రం సమంజసం కాదు.

పనివారి కొరత కూడా చిన్నదేమీ కాదు. మా ఊరి పాత ఇళ్లలో చాలావాటి పైకప్పులు దగ్గరలోని కొలీవెస్టన్ గ్రామపు రాతి పలకలతో కప్పినవి. గని నుంచి తీసిన రాతిని తడి ఆరకుండా శీతాకాలమంతా ఆరుబయట ఉంచితే, పొరల మధ్య నీరు గడ్డకట్టి పలకలుగా విడిపోయేది. చలి తీవ్రత తగ్గి, పని చేసేవారూ తగ్గి, ఆ వృత్తి దాదాపు ఆగిపోయింది. ఒక ఇంటి కప్పు విప్పితే దొరికిన పలకలే మరో ఇంటికి దిక్కయ్యాయి. ఇటీవలి కాలంలో శీతల గదుల్లో రాతిని గడ్డకట్టించి విడదీసే పద్ధతి రావడంతో కొత్త పలకలు మళ్లీ తయారవుతున్నాయి. ఈ వార్త విన్న రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సంరక్షణ ప్రాంతమన్న పేరు ఒక్కటే ఊరిని కాపాడదని కూడా చెప్పాలి. లిస్టులో లేని మామూలు ఇంటి యజమాని, ఇటువంటి చిన్న మార్పులకూ అనుమతి తప్పనిసరి చేసే ‘ఆర్టికల్ 4’ ఆదేశాన్ని కౌన్సిల్ ఇవ్వని చోట, పాత చెక్క కిటికీలు తీసేసి ప్లాస్టిక్‌వి పెట్టుకోవచ్చు. ఒక్కో ఇల్లూ అలా మారుతూ పోతే వీధి రూపమే మారిపోతుంది. దీన్ని గమనించవలసిన సంరక్షణాధికారుల సంఖ్య 2010 తర్వాత కౌన్సిళ్లకు జరిగిన నిధుల కోతల్లో తగ్గిపోయింది.

ఇంగ్లండులో చిన్న పట్టణాల్లో స్థిరపడిన మీ పాఠకులు ఎందరో ఉన్నారు. వారికి ఒక మాట. దీపస్తంభానికి కట్టిన ప్రణాళికా నోటీసు ‘వాళ్ల ఊరి వ్యవహారం’ కాదు. సాధారణంగా 21 రోజుల్లోగా ఎవరైనా, ఏ దేశ పౌరులైనా, అద్దెకున్నవారైనా తమ అభిప్రాయం రాయవచ్చు. ఇంటి విలువ పడిపోతుందని, కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుందని రాస్తే లెక్కలోకి రాదు. వెలుతురు, ఏకాంతం, రాకపోకలు, ఆ ప్రాంత స్వభావం గురించి రాస్తే కౌన్సిల్ పరిగణించి తీరాలి. 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం ఊరివారే తమ ప్రాంత ప్రణాళికను తయారుచేసుకుని ప్రజాభిప్రాయ ఓటుకు పెట్టవచ్చు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని థేమ్ పట్టణం 2013లో అలాగే చేసి, కొత్త ఇళ్లు ఎక్కడెక్కడ రావాలో తానే నిర్ణయించుకుంది. చట్టబద్ధంగా ఇక్కడ నివసించే భారతీయులు కామన్‌వెల్త్ పౌరులుగా ఓటరు జాబితాలో చేరి ఆ ఓటు వేయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ వారం మా వీధి చివర ఒక నోటీసు కట్టారు. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న దుకాణపు పైఅంతస్తులను రెండు ఫ్లాట్లుగా మార్చడానికి అనుమతి అడిగారు. మంజూరు చేయమని, పైకప్పుకు మాత్రం కొలీవెస్టన్ పలకలే వాడాలన్న షరతు పెట్టమని నిన్న రాత్రే కౌన్సిల్‌కు రాశాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
స్టాంఫర్డ్, లింకన్‌షైర్