నెవిల్ లేని కథాసారం

సంపాదకులకు,

గత ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో హ్యారీ పోటర్ ఏడు నవలల కథను అర పేజీకి కుదించి ప్రచురించారు. సెలవుల్లో పిల్లల చేత పుస్తకం పట్టించాలన్న మీ ఉద్దేశం మెచ్చుకోదగ్గది. అయితే ఆ కథాసారంలో హ్యారీ, అతని ఇద్దరు స్నేహితులు రాన్, హెర్మయినీ, గురువు డంబుల్‌డోర్, ప్రతినాయకుడు వోల్డెమార్ట్ తప్ప మరొకరి పేరు కనిపించలేదు. అంత తక్కువ చోటులో అందరినీ ఎలా ఇరికిస్తామని మీరు అడిగితే అది న్యాయమైన మాటే. కానీ చిన్న పాత్రలన్నీ తీసేశాక మిగిలింది రోలింగ్ రాసిన కథేనా అన్నది నా సందేహం.

నెవిల్ లాంగ్‌బాటమ్ సంగతే చూడండి. 1997లో వచ్చిన మొదటి నవలలో, తప్పిపోయిన పెంపుడు కప్ప కోసం మంత్రవిద్యల బడికి వెళ్లే రైలంతా వెతుక్కుంటూ అతను మనకు పరిచయమవుతాడు. చదువులో వెనకబడినవాడు, మతిమరుపు మనిషి, తోటిపిల్లల నవ్వులకు అలవాటు పడినవాడు. అలాంటివాడు ఒక రాత్రి నియమం మీరి బయటికి వెళ్లబోతున్న హ్యారీ బృందానికి ఎదురు నిలబడతాడు. హెర్మయినీ మంత్రం వేసి అతన్ని కొయ్యబారిపోయేలా చేసి దాటి వెళ్లిపోతుంది. ఏడాది చివరి విందులో హ్యారీ, నెవిల్ ఉన్న గ్రిఫిండోర్, దాని ప్రత్యర్థి స్లిదరిన్ అనే బడి జట్లు రెండూ 472 పాయింట్ల దగ్గర సమానంగా ఆగినప్పుడు, స్నేహితులను ఎదిరించగలిగినందుకు డంబుల్‌డోర్ నెవిల్‌కు ఇచ్చిన 10 పాయింట్లతోనే గెలుపు ఖాయమవుతుంది. హ్యారీకి అంతకుముందే 60 వచ్చాయి. అయినా తరగతిలో ఈ ఘట్టం చదివి వినిపించిన ప్రతిసారీ పిల్లలు చప్పట్లు కొట్టింది ఆ పదికే. నలభై మంది కూర్చున్న తరగతిలో తమను తాము హ్యారీగా ఊహించుకునేవాళ్లు ఎందరున్నా, నెవిల్ పరిస్థితే తమదీ కాబట్టి దాన్ని ఊహించుకోవలసిన అవసరమే లేనివాళ్లు చాలామంది ఉంటారని ఉపాధ్యాయులందరికీ తెలుసు.

రచయిత్రి ఈ సంగతిని కథ పునాదిలోనే పెట్టింది. వోల్డెమార్ట్‌ను ఓడించగలవాడు జూలై నెల ముగిసే వేళ పుడతాడన్న జోస్యం హ్యారీకి ఎంత సరిపోతుందో నెవిల్‌కూ అంతే సరిపోతుంది. ప్రతినాయకుడు ఇద్దరిలో ఒకరిని ఎంచుకున్నాడు గనుక ఒకరు కథానాయకుడయ్యారు, మరొకరు పక్కకు జరిగారు. ఇంత ముఖ్యమైన విషయం మీ కథాసారంలో ఒక్క వాక్యానికైనా నోచుకోలేదు.

2003లో వచ్చిన అయిదో నవలలో ఒక ఆసుపత్రి దృశ్యం ఉంది. వోల్డెమార్ట్ అనుచరుల చిత్రహింసలకు మతి చలించిన నెవిల్ తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. చూడ్డానికి వచ్చిన కొడుకు దగ్గరికి తల్లి మెల్లగా నడిచివచ్చి, ఏమీ మాట్లాడకుండా, ఖాళీ బబుల్‌గమ్ కాగితం ఒకటి అతని చేతిలో పెడుతుంది. ఇలాంటివి ఇప్పటికే బోలెడు ఇచ్చింది, చెత్తబుట్టలో పడేయమంటుంది నాయనమ్మ. పిల్లవాడు దాన్ని గుట్టుగా జేబులో వేసుకోవడం హ్యారీ చూస్తాడు. ఏడు నవలల దాకా బతికి ఉండవలసిన కథానాయకుడి మీద మోపలేని యుద్ధభారాన్ని రచయితలు ఇలా చిన్న పాత్రల మీద మోపుతారు. వోల్డెమార్ట్ ఎంత క్రూరుడో చెప్పడానికి పేజీల కొద్దీ వర్ణన చేయలేని పని ఆ కాగితం ముక్క చేసింది. సినిమాలో ఈ దృశ్యం లేదు.

సినిమాల ప్రస్తావన వచ్చింది గనుక డాబీ గురించి కూడా చెప్పాలి. యజమానుల ఇంట వెట్టిచాకిరీ చేసే ఈ చిన్న ప్రాణి 2002 నాటి రెండో సినిమాలో కనిపించి, మళ్లీ 2010లోనే తెర మీదికి వచ్చి హ్యారీని కాపాడుతూ చనిపోతుంది. నవలల్లో డాబీ అలా మాయమైపోడు. బడి వంటశాలలో పనికి కుదురుతాడు, హ్యారీకి పండుగ కానుకగా రెండు రంగుల మేజోళ్లు స్వయంగా అల్లి ఇస్తాడు. యజమాని చేతి నుంచి అందిన ఒక మేజోడుతోనే కదా అతనికి వెట్టి నుంచి విముక్తి దొరికింది! అందుకే ఏడో నవలలో హ్యారీ మంత్రం ముట్టుకోకుండా పారతో గొయ్యి తవ్వుతుంటే, రాన్ తన కాళ్లకున్న బూట్లు, మేజోళ్లు విప్పి డాబీ పాదాలకు తొడిగే చోట పుస్తకం చదివిన పిల్లల గొంతు పూడుకుపోతుంది. సినిమా మాత్రమే చూసినవాళ్లకు అక్కడ అంత దుఃఖం ఎందుకో వివరించవలసి వచ్చింది నాకు.

చివరి పోరులో నాగిని అనే పామును నరికింది కూడా నెవిలే. ఆ పాము బతికి ఉన్నంతవరకు వోల్డెమార్ట్‌కు చావు లేదు.

వచ్చే వారం మరో పిల్లల నవల సారాంశం వేస్తామని ప్రకటించారు. అందులోనైనా చిన్న పాత్రల్లో ఒకరికి నాలుగు వాక్యాలు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. చోటు చాలకపోతే ప్రతినాయకుడి కోరల వర్ణన కాస్త తగ్గించుకోవచ్చు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి