ఆసు, పేక, అచ్చు: నాకు మాటలిచ్చిన పోచంపల్లి ఇంటికి

పన్నెండు భాగాల ఆడియో కథ రాసే పని నాకు ఖాయమైంది. నిన్న సాయంత్రం ఒప్పందం మీద సంతకం పెట్టాను. సాయం చేసిన వాళ్లందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టుకోవాలని ఉంది కానీ, పేర్లు మాత్రం రాయొద్దన్నారు. అందుకే వరసలతోనే చెప్తున్నాను.

కథ ఒక చేనేత ఇంటిది. నమూనాగా పంపిన మొదటి భాగం వారంలోనే వెనక్కి వచ్చింది. "భాష బాగుంది, ఇల్లు కనబడట్లేదు" అని ఎడిటర్ గారు ఒక్క ముక్క రాశారు. అందులో నాకు బాగా ఇష్టమైన వాక్యం, "అమ్మ ఇంట్లో ఆసులో కండెలా తిరుగుతోంది" అన్నది. గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మ నోట చిన్నప్పటి నుంచీ విన్న మాట. కండె అంటే దారం చుట్టిన పుల్ల, ఆసు అంటే నేతకు ముందు దారం పోసుకునే మేకుల చట్రం. ఆ ఆసును మాత్రం నేను ఏనాడూ చూడలేదు.

ఒక మాటకు రెండు మూడు అర్థాలు దొరికితే నాకు ఆ రోజంతా పండగే. పేకాటలో ఆసు ఉంది, నేతపనిలోనూ ఆసు ఉంది. ఆడుకునేదీ పేకే, మగ్గం మీది నిలువు పోగులకు, అంటే పడుగుకు, అడ్డంగా నేసేదీ పేకే. కండె నేత ఇంట్లో దారానిది, చేలో మొక్కజొన్నది. ఇక అచ్చు! అ ఆలు అచ్చులు, పుస్తకం పడేది అచ్చు, బెల్లానికి అచ్చు, మగ్గంలో పడుగు పోగులు దూరే దువ్వెనలాంటిదీ అచ్చే. పేకాటలోని ఆసు సముద్రం దాటి వచ్చిందని తెలుసు, దానికీ మగ్గానికీ చుట్టరికం లేదని తెలుసు. అయినా చెవికి ఒక్కటిగా వినబడుతుందే, ఆ సంబరం కోసమే ఏళ్లుగా ఒక నోటుబుక్కు నింపుకుంటూ వచ్చాను.

ఆ నోటుబుక్కు చూసిన మా గ్రంథాలయం అన్నయ్య, లోపలి బీరువాలోంచి చేనేత పదకోశం తీసి ఇచ్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1971లో వచ్చింది. నేతగాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు పలికినట్టే పోగుచేసిన మాటలు. రెండు పూటలు అక్కడే కూర్చుని రాసుకున్నాను. లేవబోతుంటే, "పుస్తకం చాలదమ్మా, ఒకసారి మగ్గం దగ్గరికి వెళ్లి రండి" అని భూదాన్ పోచంపల్లిలో తమకు తెలిసిన ఇంటికి ఫోన్ చేసి చెప్పింది కూడా ఆయనే. అన్నయ్యా, ఆ ఫోన్ లేకపోతే ఈ కథ లేదు.

ఆ ఇంటి పెద్దమ్మ నన్ను చూడగానే అడిగిన మొదటి మాట: "సూసి రాసుకుంటవా బిడ్డా, పట్టి రాసుకుంటవా?"

పట్టి చూస్తానన్నాను. అటక మీది పాత ఆసు దింపించింది. ఒక కొసన ఒకటే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరస మేకులు. దారం పట్టుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఒక్క మేకు తప్పకుండా చెయ్యి తిప్పుతూనే ఉండాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక చీరకు సుమారు 9 వేల సార్లు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు కన్నతల్లి భుజం నొప్పి చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పెద్దమ్మ ఇంట్లోనూ ఇప్పుడు యంత్రమే. అంతకుముందు ఇరవై రెండేళ్లు చేత్తోనే పోసింది. నేను పావుగంట పోశాను. ఆ రాత్రి కుడి చెయ్యి తల మీదికి లేవలేదు.

అమ్మమ్మ మాటలో నేను ఇన్నాళ్లూ విన్నది హడావిడి ఒక్కటే. ఆ వాక్యం కొట్టేశాను. కూతురి జడ అల్లబోయిన అమ్మ చెయ్యి సగంలో ఆగిపోతుంది, దువ్వెన కూతురి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతుంది. అంతే రాశాను. ఎడిటర్ గారి ఫోన్ మర్నాడే వచ్చింది. కాదన్నప్పుడు కారణం చెప్పి, మళ్లీ పంపినప్పుడు మొదటి అక్షరం నుంచి చదివినందుకు వారికీ నా నమస్కారాలు.

పెదనాన్న గారు నా చేత మొత్తం చదివించుకుని విన్నారు. "మగ్గం ముందు కూర్చుని" అని ఉన్నచోట చెయ్యెత్తారు. "ముందట కాదు బిడ్డా, మగ్గంల కూసుంటం. కాళ్లు గుంతల ఉంటయి." అలాంటివి పదకొండు దిద్దారు. పదకొండూ అలాగే ఉంచాను.

ఈ ఆదివారం పోచంపల్లి వెళ్తున్నాను. మొదటి విడత డబ్బుతో వాళ్ల దగ్గరే చీర కొనుక్కుంటానని అప్పుడే చెప్పి వచ్చాను. ఇంకో రెండు మూరలు నేస్తే మగ్గం దిగుతుందని పెదనాన్న పొద్దున కబురు పెట్టారు.