రాజమండ్రి మెడికల్ షాపు అక్కకి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

నిన్న రాత్రి ఇంటికొచ్చాం. బాబు పడుకున్నాడు. నాకే నిద్ర పట్టట్లేదు, ఒళ్లంతా పులిసిపోయింది, అయినా ఇది ఇప్పుడే రాసేయాలి, రేపంటే ఇంటి పనుల్లో పడిపోతాను.

మా వాడికి బైపోలార్ అని చాలామందికి తెలుసు, అంటే మనసు కొన్నాళ్లు బాగా కుంగిపోతుంది, కొన్నాళ్లు పట్టపగ్గాల్లేకుండా ఉప్పొంగిపోతుంది. పదహారేళ్లు. టెన్త్‌లో ఉన్నప్పుడు ముందు డిప్రెషన్ అన్నారు, డిప్రెషన్ మందు ఒక్కటే రాసిచ్చారు, అది మొదలెట్టాక రాత్రిళ్లు నిద్ర లేకుండా ఇల్లంతా తిరగడం, ఆగకుండా మాట్లాడటం, సైకిల్ తీసుకెళ్లి ముక్కూమొహం తెలీని పిల్లాడికి ఇచ్చేయడం, అప్పటికి గానీ బైపోలార్ అని తేలలేదు. బైపోలార్ ఉన్నవాళ్లకి ఆ మందు ఒక్కటే ఇస్తే మేనియాలోకి, అంటే ఆ ఉప్పొంగే స్థితిలోకి, వెళ్లే ప్రమాదం ఉంటుందని తర్వాత ఇంకో డాక్టర్ గారు చెప్పారు. అప్పట్నుంచీ ప్రతి మాత్ర గురించీ అడుగుతూనే ఉన్నా. ఇదెందుకు, ఎన్నాళ్లు, బరువెందుకు పెరుగుతున్నాడు, చేతులెందుకు వణుకుతున్నాయి. "నెట్ చూడ్డం మానేయండమ్మా" అని జవాబు. చుట్టాలేమో మందులన్నీ ఆపేసి తాయెత్తు కట్టించమంటారు. నేను వాళ్ల పక్షం కాదు. బైపోలార్‌కిచ్చే లిథియం మాత్ర మొదలెట్టాకే వాడు మళ్లీ క్యారమ్స్ బోర్డు దించాడు, చెల్లెలితో పోట్లాడాడు, కడుపునిండా తిన్నాడు. మందు కావాలి, ఆ మందు గురించి ఒకళ్లు నిమ్మళంగా చెప్పాలి కూడా, నేనడిగేది ఇంతే.

మొన్న పెళ్లికని రాజమండ్రి వెళ్లాం. రోహిణి ఎండలు. రెండో రోజుకే వాడికి విరేచనాలు, వాంతులు, జ్వరం. దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే వాడే మందులన్నీ పేరుపేరునా చెప్పాను, ఆయన తలూపి చీటీ రాసి నెక్స్ట్ అన్నారు. ఆ చీటీ పట్టుకుని బస్టాండ్ వైపు మెడికల్ షాపుకి వెళ్లాను, బాబు పక్కనే స్టూలు మీద కూలబడ్డాడు.

కౌంటర్‌లో యాభై ఏళ్లావిడ. చీటీ చూసి, వాడి వంక చూసి, మాత్రలు తీయకుండా ఆగిపోయారు. "బాబు వేరే మందులేవైనా వాడతన్నాడా అండీ?" లిథియం అన్నాను. అంతే, ఆవిడ చీటీ పక్కన పెట్టేసి కౌంటర్ దాటి బయటికొచ్చి వాడి ముందు వంగి కూర్చున్నారు. నన్ను కాదు, వాణ్ణే అడిగారు. "నీ పేరేంటి నాన్నా? చేతులు ఇలా చాపుతావా?" వాడు చాపాడు. వేళ్లు కాదు, మణికట్టు దగ్గర్నుంచి చెయ్యి మొత్తం ఊగిపోతోంది. పేరు చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది, సగంలో ఆగిపోయాడు. నేను అందించబోతే ఆవిడ చేత్తో నన్ను ఆపి, వాడు పూర్తి చేసేదాకా అలాగే చూస్తూ ఉన్నారు. డాక్టర్లు, చుట్టాలు, టీచర్లు అందరూ వాడి తల మీదుగా నాతో మాట్లాడేవాళ్లే. ఒక మనిషి వాడి మాట కోసం అలా ఆగడం చూసేసరికి నాకు అక్కడే ఏడుపొచ్చేసింది.

తర్వాత నాకు చెప్పారు. సన్నగా వణకడం లిథియంతో మామూలే, కానీ ఇలా ఊగిపోవడం, తూలడం, మాట తడబడటం మామూలు కాదు. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీళ్లు, ఉప్పు పోతే లిథియం బయటికి పోకుండా రక్తంలో పేరుకుపోతుంది. చీటీలో జ్వరానికని రాసింది ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర, అదీ లిథియంని పెంచుతుంది. "ఈ మాత్ర నేనివ్వనమ్మా. ఇయ్యాల లిథియం కూడా వెయ్యకండి, ముందు పెద్దాసుపత్రికి పదండి." షట్టర్ సగం దించి, పక్క కొట్టు వాళ్లకి చెప్పి, మాతోపాటు ఆటో ఎక్కారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్‌కి ఆవిడే ముందు "లిథియం పేషెంట్ అండీ, లెవెల్ చూడాలి" అని గట్టిగా చెప్పారు. సెలైన్ ఎక్కించి, ఈసీజీ తీసేదాకా కదల్లేదు. రక్తంలో లిథియం లెవెల్ 1.9 వచ్చింది. మామూలుగా 0.6 నుంచి 1.0 లోపల ఉంచుతారట, 1.5 దాటితే విషమేనట. ఆ ఐబుప్రొఫెన్ కూడా పడుంటే ఏమయ్యేదో తలుచుకోవాలంటేనే భయంగా ఉంది.

వెళ్తూ ఆవిడ నాతో, "ప్రతి మాత్రకీ అడుగుతా ఉండండమ్మా, విసుక్కుంటే విసుక్కోనీండి" అన్నారు. ఇన్నాళ్లలో నాకు ఆ మాట చెప్పిన మనిషి ఆవిడొక్కరే. ఆటో డబ్బులు కూడా తీసుకోలేదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. అక్కా, మీకు పాదాభివందనం.

మా ఆయన, మా అత్తయ్య, మా తమ్ముడు వంతులేసుకుని కూర్చున్నారు, వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

కానీ ఒకటి అడుగుతాను. లిథియం వాడే మనిషికి నీళ్లు తగ్గకూడదు, నొప్పి మాత్రలు అడక్కుండా వేసుకోకూడదు, లెవెల్ టెస్టుకి చివరి డోసు వేసిన 12 గంటలకి రక్తం ఇవ్వాలి, కిడ్నీ, థైరాయిడ్ చూపిస్తూ ఉండాలి, ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టడానికి ఏం పోయింది? ఫీజు కట్టి గంటలు గంటలు కూర్చుంటే లోపల అయిదు నిమిషాలు. ఇన్సూరెన్స్ వాళ్లేమో కిందటిసారి అడ్మిషన్‌కి, మానసిక జబ్బు కవర్ కాదని క్లెయిమ్ తిప్పి పంపారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో ఒంటి జబ్బుకి ఎలాగో దీనికీ అలాగే ఇన్సూరెన్స్ ఇవ్వాలని స్పష్టంగా ఉంది, అమల్లోకొచ్చి కూడా ఏళ్లయింది. మళ్లీ రాశాను, జవాబు లేదు. బిడ్డని చూసుకోవాలా, వీళ్లకి లెటర్లు రాస్తూ కూర్చోవాలా?

ఇప్పుడు వాడు బాగున్నాడు. మా డాక్టర్ గారు ఈసారి కూర్చోబెట్టి మాట్లాడారు, రక్తం మళ్లీ చూశాకే డోసు తగ్గించి మొదలెట్టారు. ఆయనకీ థాంక్స్, నిజంగానే.

అయ్యో, ఇంకా ఉన్నారు. 14416 టెలి మానస్‌కి, అదే మానసిక సమస్యలకి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కి, ఆ రాత్రి ఫోన్ చేస్తే తెలుగులో ఓపిగ్గా మాట్లాడిన అమ్మాయి. వార్డులో పక్క బెడ్ మామ్మగారు, నాకు జావ తెచ్చిచ్చి నేను కునుకు తీస్తుంటే సెలైన్ బాటిల్ కనిపెట్టుకున్నారు. తెల్లారగట్లే రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టిన ల్యాబ్ తమ్ముడు. పెళ్లివాళ్లు, హడావిడిలో ఉండి కూడా క్యారేజీ పంపారు. ఆటో అబ్బాయి, బాబు సీట్లో వాంతి చేసుకున్నా ఒక్క మాట అన్లేదు, తనే నీళ్లు పోసి కడిగి, దిగేటప్పుడు వాడి చెప్పులు తెచ్చి కాళ్లకి తొడిగాడు. ఇంకెవర్నైనా మర్చిపోతే క్షమించండి, గుర్తొచ్చినప్పుడు కింద రాస్తాను.