సాఫ్ట్‌వేర్ కొనే ముందు విండోస్ వెర్షన్ చూసుకోవాలి, అమ్మేవారు బిల్లుపై రాసివ్వాలి

సంపాదకులకు నమస్కారాలు.

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా చిన్న డీటీపీ సెంటరు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, సహకార సంఘాల వార్షిక నివేదికలు మాకు జీవనాధారం. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అది మన కంప్యూటర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు, అందులోనూ మన దగ్గరున్న వెర్షన్‌కు సరిపోతుందో లేదో ముందే తేల్చుకోకపోతే నాబోటివాళ్లు ఎంత ఇబ్బంది పడతారో నా అనుభవంతో చెప్పాలని, ఈ విషయంలో అమ్మేవారి బాధ్యతను కూడా గుర్తు చేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా పాత కంప్యూటర్‌లో విండోస్ 11కు తప్పనిసరి అయిన టీపీఎం 2.0 భద్రతా సదుపాయం లేదు కాబట్టి కొత్త కంప్యూటరు కొనక తప్పలేదు. అంతవరకు బాగానే ఉంది. చిక్కు తెలుగు టైపింగ్ దగ్గర వచ్చింది. పాత తెలుగు టైపింగ్ ప్యాకేజీకి ఇచ్చిన డాంగిల్‌ను, అంటే అది తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న తాళంచెవి లాంటి పరికరాన్ని, ప్రింటరు పోర్టుకు తగిలించాలి, కొత్త కంప్యూటరుకు ఆ పోర్టే లేదు. అందువల్ల యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే మరో ప్యాకేజీని ఒక దుకాణంలో కొన్నాను. విండోస్ 11లో పనిచేస్తుందా అని కౌంటరు దగ్గర అడిగాను. ‘విండోస్ అయితే చాలండీ, అన్నింటిలోనూ నడుస్తుంది’ అన్నారు. ఆ మాట నమ్మాను.

ఇంటికి తెచ్చి సీలు తీసి ఇన్‌స్టాల్ చేశాక పాత శుభలేఖ ఫైలు ఒకటి తెరిచాను. ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అన్న పై వరుస నుంచి కింద బంధుమిత్రుల అభినందనల వరకు ప్రతి అక్షరం చక్కగా కనిపించింది. అంతా సరిపోయిందనే అనుకుని, వధువు పేరు మార్చడానికి కీబోర్డు మీద వేలు పెట్టాను. తెలుగు అక్షరం రావలసిన చోట పొంతన లేని గుర్తులు పడ్డాయి. మూలన డాంగిల్ డ్రైవర్ లోడు కాలేదన్న సందేశం వచ్చింది. అప్పుడు పెట్టెను తిరగేసి చూస్తే, బార్‌కోడు కింద, కళ్లద్దాలు పెట్టుకుంటే గాని కనబడనంత చిన్న అక్షరాలతో ‘విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7, 32 బిట్’ అని ఉంది. సీలు చించిన సరుకు వెనక్కి తీసుకోబోమని దుకాణంవారు చెప్పేశారు. ముహూర్తాలు దగ్గరపడ్డ రోజులు కావడంతో చేతిలో ఉన్న మూడు పెళ్లికార్డుల పనిని తెలిసినవారి సెంటరులో, వాళ్ల పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని, అద్దె చెల్లించి పూర్తి చేశాను.

ఇలా ఎందుకు జరుగుతుందో తరవాత ఓపికగా తెలుసుకున్నాను. మా వృత్తిలో తెలుగు సాఫ్ట్‌వేర్ అంటే నిజానికి మూడు వస్తువుల కలయిక. మొదటిది అక్షరాల రూపాలుండే ఫాంటు. దాన్ని ఏ విండోస్‌లో వేసినా సాధారణంగా పనిచేస్తుంది, అందుకే పాత ఫైలు చక్కగా కనిపించి నన్ను నమ్మించింది. రెండోది మనం కొట్టే మీటలను ఆ ఫాంటులోని అక్షరాలుగా మార్చే కీబోర్డు ప్రోగ్రామ్. మూడోది డాంగిల్‌ను గుర్తుపట్టే డ్రైవర్. ఈ చివరి రెండూ ఆపరేటింగ్ సిస్టమ్‌తో ముడిపడి ఉంటాయి, ముఖ్యంగా డ్రైవర్. విండోస్‌లో 32 బిట్ అన్న పాత రకం, 64 బిట్ అన్న కొత్త రకం ఉంటాయి. 32 బిట్ కోసం తయారైన మామూలు ప్రోగ్రాములు చాలావరకు 64 బిట్ విండోస్‌లోనూ నడుస్తాయి గాని, 32 బిట్ డ్రైవర్ నడవదు. 64 బిట్ విండోస్‌కు 64 బిట్ డ్రైవరే కావాలి, అది కూడా డిజిటల్ సంతకం ఉన్నదై ఉండాలి. ఇంకా పాతవైన 16 బిట్ ప్రోగ్రాములైతే 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోవు. కొన్ని పాత సీడీల్లో అసలు ప్రోగ్రామ్ 32 బిట్‌దే అయినా దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16 బిట్‌ది కావడం వల్ల మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు కాబట్టి, అందులో ఉంటూ 32 బిట్‌కు వెనక్కి వెళ్లే దారి లేదు.

విండోస్‌లోనే తెలుగు ఉచితంగా ఉండగా ఈ ప్యాకేజీలెందుకని కొందరు అడుగుతారు. వారికి మా పని పరిస్థితి తెలియాలి. మాలో చాలామంది ఇప్పటికీ 2001లో వచ్చిన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 మీదే పనిచేస్తున్నారు. దాని అభివృద్ధిని అడోబ్ 2004లోనే ఆపేసింది. యూనికోడ్ తెలుగును, అంటే ఇప్పుడు ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగును, అది చదవలేదు. ఇరవై ఏళ్లుగా దాచుకున్న వేలాది ఫైళ్లు పాత ఫాంటులలోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ తరవాత అడోబ్ తెచ్చిన ఇన్‌డిజైన్‌కు, యూనికోడ్‌కు మారడమే మంచిదని నాకూ తెలుసు, నేనూ మెల్లగా మారుతున్నాను. కాని ఈలోగా నిన్నటి ఖాతాదారు వచ్చి, పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డే చిన్నమ్మాయికీ కావాలంటే, ఆ పాత ఫైలు తెరిచి మార్చి ఇవ్వగలగాలి.

ఇది డీటీపీ వారి కష్టం మాత్రమే కాదు. జీఎస్టీ రిటర్నులకు డిజిటల్ సంతకం టోకెన్ అనే యూఎస్‌బీ పరికరం వాడేవారికి కూడా డ్రైవర్ అవసరమే. ఈమధ్య మార్కెట్లోకి వస్తున్న ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లలో విండోస్ 11 ఉన్నా, ఇంటెల్ ప్రాసెసర్ల కోసం రాసిన డ్రైవర్లు వాటిలో పనిచేయవు. మామూలు ప్రోగ్రామ్‌ను అక్కడి విండోస్ తర్జుమా చేసుకుని నడుపుకోగలదు గాని, డ్రైవర్‌ను అలా నడపలేదు. మాక్ వాడేవారికి 2019 అక్టోబరులో వచ్చిన కాటలీనా వెర్షన్‌తో 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎన్నో ఏళ్ల కింద డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రామ్ ఒక అప్‌డేట్‌తో పనికిరాకుండా పోవచ్చు కాబట్టి, కొనేముందే కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేముందు కూడా ఇదే పరిశీలన చేయాలి.

పరిశీలనకు పెద్ద చదువేమీ అక్కర్లేదు. కీబోర్డు మీద విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ‘విన్‌వెర్’ (winver) అన్న మాటను ఇంగ్లిషు అక్షరాలలో కొట్టి ఎంటర్ నొక్కితే మన విండోస్ ఏదో, ఏ వెర్షనో తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే 32 బిట్టా 64 బిట్టా, ప్రాసెసర్ ఆర్మ్‌దా కాదా అన్నదీ కనిపిస్తుంది. ఆ తెరను ఫోనుతో ఫొటో తీసి దుకాణానికి తీసుకెళ్లి, పెట్టె మీద రాసినదానితో పోల్చాలి. పెట్టె మీద ‘విండోస్’ అని మాత్రమే ఉండి అంకె లేకపోతే తయారీదారు వెబ్‌సైటులో ఆ వెర్షన్ వివరం చూసేదాకా డబ్బు కట్టకూడదు. ఒకే ప్యాకేజీకి 6, 7 అని రెండు మూడు వెర్షన్లు ఉంటే, మనకు కావలసిన విండోస్‌లో నడిచేది వాటిలో ఏదో కూడా అడగాలి. పేరు ఒకటే అయినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ట్రయల్ దొరికితే ముందు అది వేసుకుని, ఫైలు తెరవడంతో సరిపెట్టుకోకుండా, నాలుగు వాక్యాలు టైపు చేసి, ప్రింటు తీసి చూడాలి. ఈ ఒక్క పని చేసి ఉంటే నేను ఆ రాత్రుల కష్టం తప్పించుకునేవాణ్ని.

అయితే బాధ్యత అంతా కొనేవారి మీద వేయడం న్యాయం కాదు. 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సరుకు నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కును మనకు ఇచ్చింది. వ్యాపారానికి కొన్నవారికి ఆ చట్టం వర్తించదని కొందరు భయపెడతారు గాని, స్వయంఉపాధితో కేవలం తన జీవనోపాధి కోసం కొన్న వస్తువును చట్టం వ్యాపార ప్రయోజనంగా లెక్కించదు. నాలాంటి చిన్న సెంటర్లవారు ఈ సంగతి తెలుసుకోవాలి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. పనిచేయదని తెలిసీ, లేదా తెలుసుకోకుండానే, పనిచేస్తుందని చెప్పి అమ్మి, సీలు చించారన్న కారణం చూపి తప్పించుకోవడం సరికాదు. సీలు చించకుండా పనిచేస్తుందో లేదో చూసే దారే లేదు కదా.

మన ఊళ్లలోని కంప్యూటర్ విక్రేతలకు నా విన్నపం ఒక్కటే. ఏ సాఫ్ట్‌వేర్ అమ్మినా బిల్లుపై దాని వెర్షన్ అంకె, అది నడిచే విండోస్ వెర్షన్, ఎన్ని బిట్లు అన్న మూడు వివరాలు చేత్తోనైనా సరే రాసి, సంతకం పెట్టివ్వండి. ఆన్‌లైన్‌లో అమ్మేవారు ఆ వివరాలను ధర పక్కనే, ధరంత పెద్ద అక్షరాలతో, తెలుగులో కూడా చూపాలి. రెండు నెలల క్రితం మరో విక్రేత దగ్గర 64 బిట్ డ్రైవర్ ఉన్న వెర్షన్ కొన్నప్పుడు నేను ఈ మాటే అడిగాను. ఆయన తన కంప్యూటర్‌లో వేసి, నా చేతే నాలుగు పంక్తులు టైపు చేయించి, బిల్లు వెనక ‘విండోస్ 11, 64 బిట్’ అని రాసిచ్చారు.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటరు నిర్వాహకుడు,
తెనాలి.