చొల్లంగి అమావాస్యకి అండమాన్

బావా,

నువ్వు పంపిన టూరు వాళ్ళ కాగితం నిన్న రాత్రి తీరిగ్గా చదివాను. పైకి చదివి వినిపిస్తుంటే మీ చెల్లెలు "ఇది విహారమా, కలెక్టరుగారి తనిఖీనా?" అంది. పొద్దున ఒక దీవి, మధ్యాహ్నం ఇంకో దీవి, సాయంత్రం షాపింగు, ఒక్కో బీచికి ముప్పావుగంట! అత్తయ్య మోకాళ్ళ సంగతి వాడికి తెలీదు సరే, నీకు తెలియద్దూ? ఆ కాగితం పక్కన పడెయ్. నేను ఇక్కడ చెన్నైలో కూచుని వేరే లెక్క వేశాను. ఫోన్లో చెబితే సగం విని "సరేలే, నీ ఇష్టం" అంటావు, వారం తిరక్కుండా మళ్ళీ మొదట్నుంచీ అడుగుతావు. అందుకే ఈ ఉత్తరం. ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించుకో.

ముందు, ఎప్పుడు వెళ్దాం అన్నది. డిసెంబరు అన్నావు, నేను ఒప్పుకోను. ఇక్కడ సాలిగ్రామంలో వానలు అప్పుడే మొదలయ్యాయి, మా వీధి గురించి నీకు చెప్పక్కర్లేదు. అండమాన్‌కి నైరుతీ తగుల్తుంది, మన ఈశాన్యమూ తగుల్తుంది. మే నుంచి నవంబరు దాకా తడుస్తూనే ఉంటుంది. డిసెంబర్లో కూడా బంగాళాఖాతంలో ఏదో ఒక వాయుగుండం తిరుగుతుంటుంది, అది వచ్చిందంటే అక్కడ పడవలు ఆగుతాయి, ఇక్కడ విమానాలు ఆగుతాయి. అది దాటితే క్రిస్మస్ సెలవులు, హోటళ్ళ వాళ్ళు నోటికొచ్చిన రేటు చెబుతారు. సంక్రాంతికి అత్తయ్య గడప దాటదు. కాబట్టి పండగయ్యాక, ఫిబ్రవరి మొదటివారం. పిల్లలకి నాలుగురోజులు బడి పోతుంది, పోనీ. మనం గోదావరి గట్టున ఎన్ని రోజులు ఎగ్గొట్టామో వాళ్ళకి నేనేం చెప్పనులే.

ఆ వారమే ఎందుకంటే పంచాంగం చూశాను. నవ్వకు. ఈసారి పుష్య బహుళ అమావాస్య, అదే మన చొల్లంగి అమావాస్య, ఆ వారంలోనే పడుతోంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. నీల్ దీవిలో ఒక సహజమైన రాతి వంతెన ఉంది, నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడే దాని కిందకి నడిచి వెళ్ళగలం. అదొకటి. రెండోది, హావ్‌లాక్ దీవిలో చీకటి రాత్రుల్లో సముద్రంలో చెయ్యి పెట్టి కదిపితే నీలంగా మెరుస్తుంది. నీళ్ళలో ఉండే కంటికి కనపడనంత సన్నని జీవులు కదిలిస్తే వెలుతురు చిమ్ముతాయి. వెన్నెల ఉంటే ఆ మెరుపు తేలిపోతుంది. రాత్రిపూట మడ అడవుల పక్కనుంచి కయాక్‌లో తీసుకెళ్ళి చూపిస్తారు. ప్రతి రాత్రీ కనపడుతుందని ఎవడూ హామీ ఇవ్వడు, కనపడితే మాత్రం మీ చిన్నదాని కళ్ళు చూడాలి.

మూడో కారణం అత్తయ్య. ఏటా చొల్లంగి వెళ్ళి సముద్రస్నానం చేసే మనిషి, "ఆ రోజు నేను రాను" అంటుందని నాకు తెలుసు. స్నానం మానక్కర్లేదు కదా, అక్కడే చేస్తుంది. గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసేచోటే చెయ్యాలి అంటుంది, దానికి నా దగ్గర సమాధానం లేదు. ఈ ఒక్క ఏడాదికి మినహాయింపు అడుగు. అడిగే పని నీది, నేను మాత్రం ఫోన్ ఎత్తను.

ఇప్పుడు అసలు సంగతి, ఆ టూరు వాడు పట్టించుకోనిది. అక్కడ గడియారం మనదే గానీ సూర్యుడు మనవాడు కాడు. చెన్నై కంటే పోర్ట్ బ్లెయిర్ దాదాపు 12 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ముప్పావుగంట పైమాటే. ఫిబ్రవరి మొదట్లో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గుంకిపోతుంది. నువ్వు మధ్యాహ్నం తిని, కునుకు తీసి, కాఫీ తాగి, "పదండి బీచికి" అనేసరికి చీకటి. పైగా చీకటి పడ్డాక నీళ్ళలోకి దిగనివ్వరు. కాబట్టి అక్కడున్నన్నాళ్ళూ కోడి కూయకముందే లేవాలి. ఆరింటికల్లా నీళ్ళలో ఉండాలి, పదకొండింటికి గదికి రావాలి, తిని పడుకోవాలి, మూడున్నరకి మళ్ళీ బయల్దేరాలి. నీకు పొద్దున్నే లేవడం ఎంత కష్టమో చెల్లెమ్మ చెప్పింది. ఈ ఒక్క షరతు నీకు నచ్చకపోతే ఇప్పుడే చెప్పెయ్, ఊటీ పోదాం.

మన ప్రయాణం ఇలా. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముందురోజే మా ఇంటికి వచ్చెయ్యండి. విమానం తెల్లవారుజామున ఉంటుంది, మీనంబాక్కం నుంచి రెండు గంటల పైచిలుకు. మావయ్యగారి కాలంలోలాగా ఓడలో పోదాం అన్నావు కదా, ఇక్కడి హార్బరు నుంచి ఓడ ఇప్పటికీ ఉంది, కానీ దాదాపు మూడురోజులు పడుతుంది. ఆ సరదా మనం రిటైరయ్యాక. ఒక్క మాట, పెద్దోడికి చెప్పు, అక్కడ నెట్ ఉండదేమోనని బెంగపడక్కర్లేదు. చెన్నై నుంచే సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. మీ చెల్లెలైతే "ఎందుకు వేశారో" అంటోంది.

దిగిన రోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే. 2024 సెప్టెంబర్లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, టిక్కెట్టు మీద ఏ పేరున్నా కంగారుపడకు. హావ్‌లాక్ కూడా 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. ఆటోవాళ్ళు మాత్రం పాత పేర్లే అంటారు, నేనూ అంతే. మధ్యాహ్నం ఎండ తగ్గాక సెల్యులార్ జైలు. దీనికి మాత్రం తొందరపెట్టకు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడుమ బురుజు, చుట్టూ ఏడు బారులు, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక బారులోని ఖైదీకి పక్క బారు వాళ్ళ వీపుగోడే కనపడుతుంది, మనిషి ముఖం కనపడదు. ఒక ఖైదు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి లాక్కుని కాసేపు నుంచో, అంతే చాలు. పెద్దోడికి మన గాం మల్లుదొర గురించి చెప్పాలని ఉంది. అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడ్డ మనిషి, ఆ జైల్లో మగ్గి బయటికొచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళాడు. పాఠాల్లో ఆయన పేరు ఎవరూ చెప్పరు. చీకటి పడ్డాక అక్కడే సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది, హిందీ ఆటకి టిక్కెట్లు ముందే తీస్తాను.

మర్నాడు పొద్దున పడవలో హావ్‌లాక్. ప్రైవేటు పడవలు గంటన్నరలో చేరుస్తాయి, ఏసీ ఉంటుంది, గాలీ వెలుతురూ మాత్రం ఉండవు. కడుపులో తిప్పే వాళ్ళు ముందుగా అవోమిన్ వేసుకోవాలి, పడవెక్కాక వేసుకుంటే లాభం లేదు. ఆ పొద్దున నాలుగు ఇడ్లీలకి మించి తినకు. పూరీ జోలికి పోకు, దండం పెడతాను.

హావ్‌లాక్‌లో మూడు రాత్రులు. టూరు వాడు ఒకటే ఇచ్చాడు, అక్కడే వాడి మీద నాకు నమ్మకం పోయింది. బస తూర్పు వైపు విజయనగర్ బీచిలో. పేరు వినగానే అత్తయ్య "మన విజయనగరం వాళ్ళదా?" అంటుంది చూడు. పాటు వేళ అక్కడ నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి, పొద్దున సూర్యోదయానికి గదిలోంచి అలా నడిచి వెళ్ళిపోవచ్చు.

సాయంత్రం రాధానగర్ వెళ్దాం. ఏడో నంబరు బీచి అంటారు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఇదే అందమైన బీచి అని రాసిన దగ్గర్నుంచి జనం ఎక్కువయ్యారు. అయినా సరే, అది మనలాంటి వాళ్ళు చూడాలి బావా. ఎందుకో తెలుసా? కాకినాడ, అంతర్వేది, మెరీనా, మనం ఎరిగిన సముద్రాలన్నీ తూర్పుకేసి ఉన్నాయి. మన సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడే గానీ అందులోకి దిగడు. రాధానగర్ పడమటి తీరం. ఇసక మెత్తగా, వెనక అడవి నల్లగా, ఇదివరకు వెళ్ళినప్పుడు ఆ ఎర్రటి బింబం నీళ్ళలోకి జారుతుంటే నేను ఫోన్ తియ్యడం మర్చిపోయాను. నేను! ఒక్క సాయంత్రం కాదు, వరసగా రెండు సాయంత్రాలు అక్కడే ఉందాం. మొదటిరోజు మబ్బు పట్టినా రెండోరోజు చేతిలో ఉంటుంది. మొసళ్ళ హెచ్చరిక బోర్డులు కనపడతాయి, భయపడి పారిపోనక్కర్లేదు గానీ లైఫ్‌గార్డు చూపించిన చోటే దిగాలి, ఏటి మొగ వైపు పోకూడదు. మీ పెద్దోడిని నేను చూసుకుంటాను, నిన్ను ఎవరు చూసుకుంటారో తెలీదు.

నీళ్ళ ఆటల సంగతి. స్కూబాకి ఈత రానక్కర్లేదు, మొదటిసారి వాళ్ళని 12 మీటర్లకి మించి దించరు, శిక్షకుడు వీపు వెనకే ఉంటాడు. దిగేముందు ఆరోగ్యం గురించి ఒక కాగితం నింపమంటారు. చెల్లెమ్మకి ఆయాసం ఉంది కదా, అది దాచి "లేదు" అని టిక్కు పెట్టొద్దు. ఆవిడకీ అత్తయ్యకీ అడుగున అద్దం ఉన్న పడవ ఉంది, చీర తడవకుండా పగడాలు చూడొచ్చు. డైవింగ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు, పైకెళ్ళాక గాలి ఒత్తిడి తగ్గితే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది. ఒకసారి దిగితే కనీసం 12 గంటలు, నా లెక్కలో 24. టూరు వాడు దాన్ని ఆఖరిరోజు పొద్దున పెట్టాడు! మనం హావ్‌లాక్‌లో రెండోరోజే కానిచ్చేద్దాం. మూడోరోజు ఎలిఫెంట్ బీచి, స్నార్కెలింగ్‌కి. మాస్కు పెట్టుకుని నోటితో ఊపిరి తీయడం పిల్లలకి కొత్త, అందుకే మా ఇంటికొచ్చిన రోజు సాయంత్రం దగ్గర్లో స్విమ్మింగ్‌పూల్‌లో ఓ గంట అలవాటు చేయిద్దాం. మెరీనాకి తీసుకెళ్ళమని అడగొద్దు, అక్కడ కాళ్ళు తడుపుకోవడం వరకే.

తర్వాత నీల్, ఒక రాత్రి. చిన్న దీవి, ఊళ్ళ పేర్లు రామనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అత్తయ్యకి అక్కడ ఇంకేం చూపించక్కర్లేదు. రాతి వంతెనకి పాటు వేళ చూసుకుని వెళ్ళాలి, ఆ వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, పట్టిక చూసి నేను చెబుతాను. దారంతా నాచు పట్టిన గరుకు రాళ్ళు, చెప్పులతో కుదరదు, అందరికీ పట్టీ బూట్లు కావాలి. గుంటల్లో మిగిలిన నీళ్ళలో పీతలు, సముద్ర దోసకాయలు కనపడతాయి. పిల్లలు గవ్వలు, పగడాల ముక్కలు ఏరి జేబులో వేసుకుంటారు, వద్దని చెప్పు, తీసుకురావడం నేరం, విమానాశ్రయంలో సంచులు విప్పిస్తారు.

బారాటాంగ్ దీవి తీసేశాను. సున్నపురాయి గుహలు బాగుంటాయని నాకూ తెలుసు. కానీ తెల్లవారకముందే బయల్దేరి, కాన్వాయ్‌లో జారవా ఆదివాసుల అడవి మధ్యనుంచి పోవాలి. ఫొటోలు తియ్యకూడదు, బండి ఆపకూడదు అని నిబంధనలున్నాయి, అయినా బండిలో సగంమంది "వాళ్ళు కనపడతారా?" అని కిటికీలకి అతుక్కుపోతారు. ఆ వరసలో నాకు కూర్చోబుద్ధి కాదు. నీకు తప్పదంటే ఇంకోసారి నువ్వు వెళ్ళు. డిగ్లీపూర్ మరీ దూరం, దాని ఊసే వద్దు.

ఆఖరి రాత్రి మళ్ళీ పోర్ట్ బ్లెయిర్‌లోనే. సముద్రం ఎగిరితే పడవలు రద్దవుతాయి, నీల్ నుంచి తిన్నగా విమానానికి అనుకుంటే మునిగినట్టే. ఆ రోజు రాస్ దీవి చూద్దాం, దొరల బంగళాల గోడల్ని మర్రివేళ్ళు చుట్టేసి ఉంటాయి, జింకలు చేతికి అందేంత దగ్గరికొస్తాయి. ఓపిక ఉంటే చిడియా టాపూ బీచి. నీ దగ్గర పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఉంటే తీసుకురా, దాని వెనకున్న కొబ్బరిచెట్ల బొమ్మ అక్కడిదే, మౌంట్ హారియట్ దారిలోంచి కనపడే నార్త్ బే.

తిండికి భయం లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ మనవాళ్ళు అక్కడ బోలెడుమంది, పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్లో తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. దీవుల్లో మాత్రం అత్తయ్యకి నీచు తగలని భోజనం వెతకాలి, కందిపొడీ చింతకాయపచ్చడీ కట్టించు. ఏటీఎంలు తక్కువ, నగదు ఉంచుకో.

ఆధార్ కార్డులో పేర్లు ఎలా ఉన్నాయో అలాగే, ఇంటిపేరుతో సహా, ఈ ఆదివారంలోగా పంపు. పోయినసారి తిరుపతికి నువ్వు ముద్దుపేర్లు పంపినట్టు పంపొద్దు. పట్టీ బూట్ల సైజులు కూడా రాయి, రంగనాథన్ స్ట్రీట్‌లో నేనే కొంటాను. అత్తయ్యతో ఎప్పుడు మాట్లాడతావో అది ముందు చెప్పు, ఆవిడ ఒప్పుకున్నాకే టిక్కెట్లకి డబ్బు కడతాను.

నీ బావ