పార్కు కంచెకు కాగితం పూలు

అందరికీ నమస్కారం. మన పార్కు వెనక వైపు కంచెకు కాగితం పూల మొక్కలే పెడదామని నా మాట. హనుమకొండ ఎండలకు తట్టుకుంటాయి, ముళ్లకు పశువులు చొరబడవు.

మా గేటు దగ్గరి మొక్క రెండేళ్లు ఆకులే వేసింది. రోజూ నీళ్లు పోయడమే నా తప్పు. ఆ తర్వాత మట్టి బాగా ఎండి, ఆకు కాస్త వాలినప్పుడే పోశాను. ఈ మార్చిలో కొమ్మ కనబడకుండా పూసింది! దగ్గరగా చూడండి, మనం పువ్వు అనుకునే ఆ మూడు రంగు రేకులు నిజానికి ఆకులే. అసలు పువ్వు వాటి మధ్యలో సన్నగా, తెల్లగా ఉంటుంది.

ఎర్ర చెల్క నేల దీనికి బాగా సరిపోతుంది. రేగడి అయితే ఇసుక కలిపి గట్టు మీద నాటాలి, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. నాటేటప్పుడు కవర్లోని మట్టి గడ్డ చెదరనివ్వొద్దు. మొక్కకూ మొక్కకూ 3 అడుగులు చాలు. పూత అయిపోగానే చివర్లు కత్తిరించాలి, పూలొచ్చేది కొత్త చిగుళ్లకే.

పిల్లలు ఆడే వైపు మాత్రం వద్దు. కోసిన కొమ్మలు రోడ్డు మీద వదిలినా బండ్ల టైర్లలో ముళ్లు దిగుతాయి.

వానలు మొదలవగానే మా చెట్టు నుంచి పెన్సిల్ లావు కొమ్మలు కోసి ఇస్తాను. ఎవరికి ఎన్ని కావాలో ఇక్కడే చెప్పండి.