మారిషస్ కథ కోరంగి రేవులో మొదలుకాలేదు

సంపాదకులకు నమస్కారం.

మారిషస్ తెలుగువారి ఉగాది వేడుకలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు ఉండడం, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరగడం ఎవరికైనా సంతోషం కలిగించే సంగతులే. అయితే, ఖాళీగా పడి ఉన్న ఒక దీవికి మన పూర్వులు ఓడెక్కి వెళ్లి, రాళ్లు ఏరి, చెరకు పండించి, తమ భాషనూ దేవుళ్లనూ నిలుపుకున్నారన్నట్లుగా ఆ వ్యాసం సాగింది. ఆ దీవి అప్పటికి ఖాళీగా లేదు. మనవాళ్లను అక్కడికి చేర్చిన పరిస్థితులు మూడు ఐరోపా రాజ్యాల పోటీలోంచి పుట్టాయి. ఆ పోటీని, మనకంటే ముందు అక్కడ చాకిరీ చేసినవారిని వదిలేసి చెప్పే కథ మన గొప్పను పెంచుతుందేమో గాని చరిత్ర కాదు.

మారిషస్‌లో ఆదివాసులు లేరు. అక్కడి ప్రతి మనిషి పూర్వీకులూ ఏదో ఒక ఓడలో వచ్చినవారే, వారిలో అత్యధికులు ఎవరో తెస్తే వచ్చినవారు. 1638లో డచ్చివారు స్థావరం పెట్టి, జావా నుంచి చెరకును, మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చారు గాని, దీవి గిట్టుబాటు కాక 1710లో వదిలి వెళ్లారు. ఐదేళ్లకు ఫ్రెంచివారు జెండా పాతారు. అసలు కథ అక్కడి నుంచే.

1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే పోర్ట్ లూయీని నౌకాశ్రయంగా, యుద్ధ స్థావరంగా తీర్చిదిద్దాడు. ఇందుకోసం పుదుచ్చేరి నుంచి తాపీ పనివారిని, వడ్రంగులను రప్పించాడు. వారి నివాసంతో ఏర్పడిన పేటకే మలబారుల పేట అన్న పేరు వచ్చింది. అంటే మనవాళ్లు కూలి ఒప్పందాలపై ఓడెక్కడానికి నూరేళ్ల ముందే దక్షిణాది చేతులు ఆ పట్నాన్ని కట్టాయి. 1746లో ఇదే లా బూర్దొనే ఆ దీవిలో నౌకాదళాన్ని సమకూర్చుకుని వచ్చి మద్రాసును పట్టుకున్నాడు. రెండేళ్లకు సంధి కుదిరి, ఉత్తర అమెరికాలోని లూయీబర్గ్ కోటకు బదులుగా మద్రాసు మళ్లీ ఆంగ్లేయుల పరమైంది. కర్ణాటక యుద్ధాలను డూప్లే, క్లైవుల వ్యవహారంగా చదువుకునే మన విద్యార్థులకు, ఆ యుద్ధాల చదరంగంలో ఒక పావు ఆఫ్రికా తీరానికి తూర్పున ఉన్న దీవి అన్న సంగతి ఎవరూ చెప్పరు.

మన తీరానికి మరీ దగ్గరి సంఘటన ఒకటి ఉంది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మారిషస్ స్థావరంగా తిరుగుతున్న తన యుద్ధనౌకలతో విశాఖపట్నం ముందుకు వచ్చి, అక్కడ లంగరేసి ఉన్న సెంచూరియన్ అనే బ్రిటిష్ నౌకతో తలపడ్డాడు. ఆ గొడవలో ఒక వ్యాపార నౌక ఒడ్డుకు కొట్టుకుపోయి పాడైంది, మరొకటి ఫ్రెంచివారి చేతికి చిక్కింది. ఈస్టిండియా కంపెనీ వర్తకానికి ఇటువంటి దెబ్బలు తరచుగా తగులుతుండడం వల్లనే ఆంగ్లేయులు ఆ దీవిపై కన్నేశారు. 1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ వద్ద చిత్తుగా ఓడినా, డిసెంబరు నాటికి దీవి వారి వశమైంది. దిగిన సేనలో మద్రాసు, బెంగాలు సిపాయిలు కూడా ఉన్నారు.

గెలిచినవారు ఆ తరువాత చేసిన పని ఈ చరిత్రకు మూలమని నా అభిప్రాయం. లొంగుబాటు షరతుల ప్రకారం దీవివాసుల మతాన్ని, చట్టాలను, ఆచారాలను యథాతథంగా ఉంచుతామని ఆంగ్లేయులు మాట ఇచ్చారు. 'దీవివాసులు' అంటే ఆచరణలో తోటల యజమానులే, ఎందుకంటే 18వ శతాబ్ది చివరికే జనాభాలో పదింట ఎనిమిది మంది బానిసలు. పారిస్ విప్లవ ప్రభుత్వం 1794లో బానిసత్వాన్ని రద్దు చేస్తే, దాన్ని అమలు చేయడానికి 1796లో వచ్చిన ప్రతినిధులను తిరిగి ఓడెక్కించి పంపిన యజమానులు వీరు. యుద్ధంలో ఓడిన వర్గం సమాజంలో ఓడకపోవడం అరుదైన సంగతి; మారిషస్‌లో అదే జరిగింది. పాలన ఆంగ్లంలో, సివిల్ చట్టం నెపోలియన్ స్మృతిలో, పలుకుబడి ఫ్రెంచిలో, వీధిలో మాట్లాడే క్రియోల్ బానిసల నోట పుట్టింది కావడం ఆ ఒప్పందం నాటి నుంచి నేటికీ కొనసాగుతున్న ఏర్పాటు.

1825లో మారిషస్ పంచదారకు వెస్టిండీస్ పంచదారతో సమానంగా సుంకం తగ్గించడంతో దీవి అంతా చెరకు తోట అయింది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారంగా 20 లక్షల పౌండ్లకు పైగా యజమానులకే ముట్టింది, విముక్తులైనవారికి పైసా రాలేదు. వారిని మరికొన్నేళ్లు 'అప్రెంటిసు' పేరిట అదే తోటల్లో అట్టేపెట్టి 1839లో వదిలారు. వదిలిన మరుక్షణం అత్యధికులు తోటలను విడిచిపెట్టారు. వారితో కూలి బేరమాడవలసిన అవసరం లేకుండా చేసినది మన దేశం నుంచి వచ్చిన కూలీల ఓడలే. ఈ మాట చెప్పడం మన పూర్వులను నిందించడం కాదు. కరవులో, అప్పుల్లో ఉన్న మనిషి ఏజెంటు చెప్పిన దీవికి వెళ్తున్నప్పుడు తాను ఎవరి స్థానంలోకి వెళ్తున్నాడో అతనికి తెలిసే వీలు లేదు. తెలిసినవారు తోటల యజమానులు, లండన్‌లోని వలస రాజ్యాల శాఖ.

1834 నుంచి 1920 దాకా సుమారు 5 లక్షల మంది పోర్ట్ లూయీ రేవులో దిగారు. కోరంగి, కాకినాడ, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లినవారిని అక్కడ కోరంగీలనే పిలిచారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు 5 రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఒప్పందం ముగిసినవాడు కూడా 1867 చట్టం కింద ఫొటో ఉన్న పాసు లేకుండా దారిలో కనిపిస్తే నేరస్థుడే. 1871లో 9 వేలకు పైగా పాత కూలీల సంతకాలతో అర్జీ వెళ్లిన తరువాత గాని విచారణకు బ్రిటన్ నుంచి రాయల్ కమిషన్ రాలేదు.

1880ల నుంచి మరో మలుపు వచ్చింది. ఐరోపా దేశాలు తమ బీటు చక్కెరకు పోటాపోటీగా రాయితీలు ఇవ్వడంతో చెరకు పంచదార ధర పడిపోయి, పెద్ద తోటలవారు నాసిరకం భూములను ముక్కలు చేసి అమ్మారు. కూలి సొమ్ము కూడబెట్టుకున్న భారతీయులు వాటిని కొని చిన్న రైతులయ్యారు. బానిసల సంతతిలో ఆ అవకాశం దక్కినవారు చాలా తక్కువ. వ్యాసంలో మెచ్చుకున్న మనవారి 'పొదుపు, పట్టుదల'కు భూమి దొరికింది కాబట్టి ఫలితం దక్కింది. పట్టుదల ఒక్కటే కారణమైతే క్రియోలులు, అంటే ఆ బానిసల సంతతివారు, ఎందుకు వెనుకబడ్డారో ఆ వ్యాసకర్త చెప్పవలసి ఉంటుంది.

ఈ తేడా 1968లో వచ్చిన స్వాతంత్ర్యంతో చెరిగిపోలేదు. రాజ్యాంగం ఎన్నికల అవసరాలకు హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు అని మూడు వర్గాలను పేర్కొని, మిగిలినవారందరినీ 'సాధారణ జనాభా' అంది. బానిసల వారసులు, వారిని కొన్నవారి వారసులు అందులో ఒకే గంపలో ఉన్నారు. 2009లో మారిషస్ ప్రభుత్వం బానిసత్వం, కూలి ఒప్పందాలు రెండింటి ఫలితాలనూ కలిపి విచారించడానికి సత్య, న్యాయ కమిషన్‌ను వేసింది. అక్కడివారు కలిపి చూసినదాన్ని మనం విడదీసి ఒక ముక్కే తెచ్చుకోవడం సమంజసం కాదు.

మారిషస్ ఫిబ్రవరి 1ని బానిసత్వ రద్దు దినంగా, నవంబరు 2ని ఒప్పంద కూలీల ఆగమన దినంగా జరుపుకుంటుంది. రెండూ సెలవులే. మన పత్రికల్లో రెండో తేదీకి ఏటా ఏదో ఒక వ్యాసం వస్తుంది. వచ్చే ఫిబ్రవరి 1న ల మోర్న్ కొండను, అక్కడికి పారిపోయి తలదాచుకున్న బానిసలను, వారి సంతతి నేటి స్థితిని తెలిపే వ్యాసం ఒకటి, వీలైతే మారిషస్ తెలుగువారి చేతనే రాయించి, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
కాకినాడ